నాన్నకి హార్ట్ ఎటాక్ వచ్చింది, మరి నాకు? ఒక జీన్ చెప్పిన సంగతులు

ఇవాళ గుండె గురించి మాట్లాడుకుందాం. "రోజూ నడవండి, నూనె తగ్గించండి" టైపు ఎపిసోడ్ కాదులెండి, అది మీకు ఇంట్లో అమ్మ రోజూ చెప్తూనే ఉంటుంది. ఇవాళ్టి హీరో ఒక జీన్. పేరు పీసీఎస్‌కే9. చూడ్డానికి వైఫై పాస్‌వర్డ్‌లా ఉంది కదా! పేరు పక్కన పెట్టండి, కథ మాత్రం అదిరిపోతుంది.

హార్ట్ ఎటాక్ మాట ఎత్తితే చాలు, రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి: "మా నాన్నకి నలభై రెండేళ్లకే స్టెంట్ వేశారు. నాకిప్పుడు ఇరవై నాలుగు. నాకూ వస్తుందా?" రెండోది: "మా వంశంలోనే ఉంది బాస్, తాత పోయాడు, పెదనాన్న పోయాడు, మన చేతిలో ఏముంది?" మొదటిది భయం. రెండోది చేతులెత్తేయడం. నాకు రెండోదే ఎక్కువ డేంజర్ అనిపిస్తుంది. ఎందుకంటే భయపడేవాడు కనీసం టెస్ట్ చేయించుకుంటాడు.

ముందు కొలెస్ట్రాల్ సంగతి తేల్చేద్దాం. కొలెస్ట్రాల్ విషం కాదు. మన ఒంట్లో ప్రతి కణం పొరలోనూ ఉంటుంది. కొన్ని హార్మోన్లు తయారవ్వాలన్నా, విటమిన్ డి తయారవ్వాలన్నా అది కావాలి. తిండి నుంచి వచ్చేది కొంతే, ఎక్కువ భాగం ఒళ్లే తయారుచేసుకుంటుంది. "నేను గుడ్డు కూడా ముట్టను, నాకు కొలెస్ట్రాల్ ఏంటి?" అనేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

కొలెస్ట్రాల్ కొవ్వు జాతి. రక్తంలో ఎక్కువ ఉండేది నీళ్లు. నూనె, నీళ్లు కలవవు కదా. అందుకని ఒళ్లు దాన్ని చిన్న చిన్న పొట్లాలు కట్టి రక్తంలోకి వదులుతుంది. అలాంటి ఒక రకం పొట్లం పేరే ఎల్‌డీఎల్. ఇవి ఎక్కువ సంఖ్యలో, ఎక్కువ కాలం రక్తంలో తిరుగుతుంటే రక్తనాళాల గోడల్లోకి దూరి అక్కడే ఉండిపోతాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ కాయిల్‌కి తెల్లగా ఉప్పు పడుతుంది, చూశారా? ఒక్క రోజులో పట్టదు. రోజూ కొంచెం, రోజూ కొంచెం. ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ పేరుకునేది గోడ పైన కాదు, గోడ లోపల. ఏదో ఒక రోజు దాని మీది పొర చిట్లుతుంది, అక్కడ రక్తం గడ్డకడుతుంది, గుండె కండరానికి రక్తం వెళ్లే దారి మూసుకుపోతుంది. చాలా హార్ట్ ఎటాక్‌లు వచ్చేది ఇలాగే. నొప్పి వచ్చింది ఆ నిమిషంలోనే అయినా, లోపల పని ఇరవై ముప్ఫై ఏళ్ల క్రితమే మొదలైపోయింది. ఈ "ఏళ్లు" అనే మాట పట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

మరి రక్తంలోంచి ఈ ఎల్‌డీఎల్‌ని తీసేసేది ఎవరు? ముఖ్యంగా లివర్. లివర్ కణాల పైన ఎల్‌డీఎల్ రిసెప్టర్లు అని ఉంటాయి. వీటిని మున్సిపాలిటీ చెత్త ఆటోల్లా అనుకోండి. వస్తాయి, ఎల్‌డీఎల్ పొట్లాన్ని పట్టుకుంటాయి, కణం లోపలికి తీసుకెళ్లి దింపేస్తాయి, ఖాళీ అయ్యి మళ్లీ పైకి వస్తాయి. ఒక్కో ఆటో దాని జీవితంలో వంద ట్రిప్పులకు పైనే వేస్తుంది. దీన్ని కనిపెట్టింది అమెరికాలో డల్లాస్‌కి చెందిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు. 1985లో వాళ్లకి నోబెల్ వచ్చింది. ఎలా కనిపెట్టారంటే, చిన్న వయసులోనే హార్ట్ ఎటాక్ వచ్చిన పిల్లల్ని స్టడీ చేసి. అవును, పిల్లలే. ఆ పిల్లల్లో కొలెస్ట్రాల్ మామూలు కంటే ఆరు నుంచి పది రెట్లు ఉండేది.

ఆ జబ్బు పేరు ఫెమీలియల్ హైపర్‌కొలెస్టెరోలీమియా. అంత పొడుగు పేరు పలకలేక డాక్టర్లు కూడా ఎఫ్‌హెచ్ అనేస్తారు, మనమూ అదే అందాం. మనకి ప్రతి జీన్ రెండు కాపీలు ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఎఫ్‌హెచ్‌లో ఎక్కువగా పాడయ్యేది ఈ చెత్త ఆటోలు తయారుచేసే జీనే. ఒక కాపీ పాడైతే ఆటోలు సగమే పనిచేస్తాయి. ఎల్‌డీఎల్ సుమారు రెట్టింపు అవుతుంది, అదీ పుట్టిన దగ్గర్నుంచి. ఇలాంటివాళ్లు దాదాపు 250 మందిలో ఒకరు ఉంటారు. ఇదేదో వింత జబ్బు అనుకునేరు. వెయ్యి సీట్ల సినిమా హాల్ ఫుల్ అయితే అందులో నలుగురు ఉన్నట్టు లెక్క. వాళ్లలో చాలామందికి తమకి అది ఉందన్న సంగతే తెలియదు. ట్రీట్‌మెంట్ తీసుకోకపోతే ఎఫ్‌హెచ్ ఉన్న మగవాళ్లలో సుమారు సగం మందికి యాభై ఏళ్లు వచ్చేసరికి గుండె రక్తనాళాల జబ్బు వస్తుంది. ఆడవాళ్లలో అరవై ఏళ్లకి దాదాపు 30 శాతం మందికి.

రెండు కాపీలూ పాడైతే? ఆ డల్లాస్ పిల్లల పరిస్థితి. సుమారు మూడు లక్షల మందిలో ఒకరికి ఇలా జరుగుతుంది. మోచేతుల మీద, మోకాళ్ల మీద, మడమల దగ్గర పసుపు పచ్చగా కొవ్వు గడ్డలు కనిపిస్తాయి. టీనేజ్ దాటకముందే హార్ట్ ఎటాక్ రావచ్చు. ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి చెప్పుకోవాలి. మనలో మేనరికాలు ఇంకా ఉన్నాయి. బావా మరదళ్లు పెళ్లి చేసుకుంటే ఇద్దరిలోనూ ఒకే తాత నుంచి వచ్చిన అదే పాడైన కాపీ ఉండే అవకాశం బయటి సంబంధం కంటే ఎక్కువ. ఇద్దరికీ చెరో పాడైన కాపీ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ రెండూ పాడైనవే వచ్చే ఛాన్స్ నాలుగింట ఒకటి. మేనరికం చేసుకున్నవాళ్లని తిట్టడానికి చెప్పట్లేదు. ఆల్రెడీ చేసుకుని ఉంటే, ఇంట్లో చిన్న వయసు హార్ట్ ఎటాక్‌లు ఉంటే, ఇద్దరూ ఒక లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. అంతే.

ఇప్పుడు ఆ ఇరవై నాలుగేళ్ల అబ్బాయి ప్రశ్నకి వద్దాం. గోడ మీద పిల్లిలా "రావచ్చు, రాకపోవచ్చు" అని వదిలేయను. నాన్నకి 55 లోపు, లేదా అమ్మకి 65 లోపు గుండె జబ్బు వస్తే డాక్టర్లు దాన్ని సీరియస్ ఫ్యామిలీ హిస్టరీగానే తీసుకుంటారు. నాన్నకి ఎఫ్‌హెచ్ ఉంటే నీకు రావడం టాస్ వేసినట్టు, యాభై శాతం. నీకొక టాస్, మీ చెల్లికి వేరే టాస్. "అన్నకి వచ్చింది కాబట్టి నాకు రాదు" అనే లెక్క కుదరదు. కానీ నాన్నకి ఎటాక్ వచ్చింది రోజుకి రెండు పెట్టెల సిగరెట్ల వల్ల, కంట్రోల్‌లో లేని షుగర్ వల్ల కూడా అయ్యుండొచ్చు. షుగర్ వచ్చే గుణం కొంత వారసత్వంగా వస్తుంది, సిగరెట్లు మాత్రం రావు. ఎలా తెలుసుకోవాలి? జీన్ టెస్ట్‌కి ముందు మామూలు లిపిడ్ ప్రొఫైల్ చాలు. అందులో ఎల్‌డీఎల్ డెసిలీటర్‌కి 190 మిల్లీగ్రాములు, ఆ పైన ఉంటే ఎఫ్‌హెచ్ అనుమానం పెట్టుకోవాలి. థైరాయిడ్ తగ్గినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, కాబట్టి డాక్టర్ ముందు అది చూస్తారు. మడమ వెనక నరం లాంటి ఆ గట్టి తాడు మందంగా ఉండటం, కనురెప్పల మీద పచ్చటి మచ్చలు, ఇవి కూడా క్లూలే.

కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఏముందో తెలుసా? మొదటి లిపిడ్ టెస్ట్ 18 ఏళ్లకే చేయించుకోమని. ఇంట్లో హిస్టరీ ఉంటే ఇంకా ముందే. చాలామందికి పరగడుపున వెళ్లాల్సిన అవసరం కూడా లేదు. ఫోన్ స్క్రీన్ గార్డ్ రేటుకి అటూ ఇటూగా అయిపోయే టెస్ట్ ఇది. దాంతోపాటు జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్-ఏ కూడా చూసుకోమన్నారు. ఇది ఎల్‌డీఎల్‌కి చుట్టం. ఎంత ఉండాలో దాదాపు మొత్తం జీన్సే డిసైడ్ చేస్తాయి. డైట్ చేసినా, జిమ్‌కి వెళ్లినా పెద్దగా కదలదు. ప్రపంచంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఎక్కువగా ఉంటుంది, మన దక్షిణాసియా వాళ్లలో ఆ నిష్పత్తి ఇంకా కొంచెం ఎక్కువ. అది ఎక్కువుందని తేలితే మిగతావి, అంటే ఎల్‌డీఎల్, బీపీ, షుగర్, పొగ, ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

చిన్న బ్రేక్ లాంటి మాట. గుండె జబ్బులన్నీ ఒకటి కావు. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్ టీమ్ 2009లో ఒక సంగతి బయటపెట్టింది. ఎంవైబీపీసీ3 అనే జీన్‌లో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు మన దేశంలో దాదాపు నాలుగు శాతం మందిలో ఉంది. దానివల్ల వచ్చే రిస్క్ గుండె కండరానికి సంబంధించింది, ఇవాళ మనం చెప్పుకుంటున్న బ్లాకులకి కాదు. "గుండె జీన్" అని ఎవరైనా వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తే, ఏ గుండె జబ్బుకి అని అడగండి.

సరే, ఇప్పుడు మన హీరో ఎంట్రీ.

2003. ప్యారిస్‌లో కేథరీన్ బొవాలో టీమ్ కొన్ని ఫ్రెంచ్ కుటుంబాల్ని చూస్తోంది. వాళ్లకి పక్కాగా ఎఫ్‌హెచ్ లక్షణాలున్నాయి, కానీ ఆటోల జీన్ బాగానే ఉంది. మరి తప్పెక్కడ? అదే సమయంలో కెనడాలోని మాంట్రియల్‌లో నబీల్ సైదా అనే సైంటిస్ట్ ఒక కొత్త ప్రోటీన్‌ని కనిపెట్టారు. రెండు ముక్కలూ అతికించి చూస్తే, ఆ ఫ్రెంచ్ కుటుంబాల్లో మారిపోయింది ఈ కొత్త ప్రోటీన్ జీనే. అదే పీసీఎస్‌కే9.

ఇది చేసే పనేంటి? చెత్త ఆటోకి "స్క్రాప్‌కి పంపండి" అని స్టిక్కర్ అంటించడం. స్టిక్కర్ పడిన ఆటో లోపలికి వెళ్లాక తిరిగి రాదు, చెత్తతో పాటే తుక్కయిపోతుంది. ఆ ఫ్రెంచ్ కుటుంబాల్లో ఈ స్టిక్కర్లు అంటించేవాడు ఓవర్‌డ్యూటీ చేస్తున్నాడు. ఆటోలు తగ్గాయి, రక్తంలో ఎల్‌డీఎల్ పెరిగింది.

ఇక్కడే డల్లాస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ అనే ఇద్దరికి ఒక ఐడియా వచ్చింది. ఓవర్‌డ్యూటీ చేస్తే జబ్బు వస్తోంది, మరి వీడు డ్యూటీకే రాకపోతే? డల్లాస్ జనాల మీద జరుగుతున్న ఒక పెద్ద స్టడీలో, ఎల్‌డీఎల్ బాగా తక్కువ ఉన్నవాళ్ల జీన్స్ చూశారు. మామూలుగా డాక్టర్లు జబ్బున్నవాళ్లనే చూస్తారు కదా, వీళ్లు రివర్స్‌లో ఏ జబ్బూ లేనివాళ్లని వెతికారు. దొరికారు. నల్లజాతి అమెరికన్లలో సుమారు రెండు శాతం మందికి పీసీఎస్‌కే9 ఒక కాపీ పుట్టుకతోనే పనిచేయట్లేదు. వాళ్ల ఎల్‌డీఎల్ మిగతావాళ్ల కంటే 40 శాతం తక్కువ. ఇది 2005లో.

2006లో ఇంకో పెద్ద స్టడీ డేటా తీశారు, పదిహేనేళ్ల పాటు ఫాలో చేసిన జనం. అందులో ఈ జీన్ పాడైన నల్లజాతి వాళ్లలో ఎల్‌డీఎల్ సగటున 28 శాతం తక్కువ. మరి గుండె జబ్బు రిస్క్ ఎంత తక్కువ? 28 అనుకుంటున్నారా? 88 శాతం!

అదే టైమ్‌లో రెండు కాపీలూ పనిచేయని ఒక ముప్ఫై రెండేళ్ల ఆవిడ కూడా దొరికారు. ఆవిడ ఎల్‌డీఎల్ 14. మనకి 100 లోపు ఉంటేనే డాక్టర్ "గుడ్" అంటారు. అంత తక్కువ ఉన్నా ఆవిడ శుభ్రంగా ఉన్నారు, పిల్లలున్నారు, ఫిట్‌నెస్ క్లాసులు చెప్తున్నారు. మందుల కంపెనీలకి ఇంతకంటే మంచి సిగ్నల్ ఇంకేం కావాలి? ప్రకృతే ట్రయల్ చేసి రిజల్ట్ చేతికిచ్చినట్టు.

కంపెనీలు పరిగెత్తాయి. పీసీఎస్‌కే9ని పట్టుకుని పనిచేయకుండా చేసే యాంటీబాడీ ఇంజెక్షన్లు తయారుచేశాయి. జీన్ దొరికింది 2003లో, 2015లో అమెరికాలో అలిరోక్యుమాబ్, ఎవలోక్యుమాబ్ అనే రెండు మందులకి పర్మిషన్ వచ్చేసింది. పన్నెండేళ్లు. మందుల లోకంలో ఇది బుల్లెట్ ట్రైన్ స్పీడ్.

2017లో ఎవలోక్యుమాబ్ మీద 27,564 మందితో చేసిన ట్రయల్ ఫలితం వచ్చింది. ఎల్‌డీఎల్ 92 నుంచి 30కి పడిపోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లతో పోలిస్తే 59 శాతం తగ్గింది. గుండెపోటు, స్ట్రోక్ లాంటివన్నీ కలిపి చూస్తే రిస్క్ ఎంత తగ్గింది? 15 శాతం.

ఒక్క నిమిషం ఆగి ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. పుట్టుకతో జీన్ పాడైనవాళ్లకి ఎల్‌డీఎల్ 28 శాతమే తక్కువ, రిస్క్ 88 శాతం తక్కువ. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకి ఎల్‌డీఎల్ 59 శాతం తగ్గింది, రిస్క్ మాత్రం 15 శాతమే తగ్గింది. ఎందుకలా? ట్రయల్‌లో చేరింది అప్పటికే రక్తనాళాల జబ్బున్నవాళ్లు, చాలామంది అరవైల్లో ఉన్నవాళ్లు, ఆల్రెడీ స్టాటిన్ వాడుతున్నవాళ్లు. ట్రయల్ సాగింది సగటున రెండేళ్ల చిల్లర. కాబట్టి రెండిటినీ నేరుగా పోల్చకూడదు, నిజమే. కానీ పెద్ద తేడా ఒకటుంది, అదే టైమ్. జీన్ పాడైనవాళ్లకి తక్కువ ఎల్‌డీఎల్ అనేది పుట్టిన రోజు నుంచీ ఉంది. ఇందాక పట్టుకోమన్న "ఏళ్లు" అనే మాట ఇదే. కాయిల్‌కి ఉప్పు ఇంచు మందం పట్టాక ఫిల్టర్ పెట్టించడం వేరు, మొదటి రోజే పెట్టించడం వేరు. ఎల్‌డీఎల్ రిపోర్ట్‌లో ఒక నంబర్‌లా కనిపిస్తుంది కానీ అది చక్రవడ్డీ లాంటిది, ఎన్నేళ్లు నడిచిందన్నదే అసలు లెక్క.

అందుకే ఇరవైల్లో ఉన్న మీకు ఈ ఎపిసోడ్. యాభై ఏళ్ల అంకుల్ కంటే మీ చేతిలో ఎక్కువ ఉంది.

ఇంజెక్షన్ల తర్వాత ఇన్‌క్లిసిరాన్ అనేది వచ్చింది. యూరప్‌లో 2020 చివర్లో, అమెరికాలో 2021 చివర్లో పర్మిషన్. యాంటీబాడీ ఏం చేస్తుంది? స్టిక్కర్లు అంటించేవాణ్ణి రోడ్డు మీద పట్టుకుంటుంది. ఇన్‌క్లిసిరాన్ ఇంకో మెట్టు వెనక్కి వెళ్తుంది. జీన్ నుంచి ప్రోటీన్ తయారవ్వాలంటే మధ్యలో ఆర్‌ఎన్‌ఏ అనే ఆర్డర్ కాపీ వెళ్లాలి. ఈ మందు లివర్ కణాల్లో ఆ కాపీని చింపేస్తుంది. ఆర్డరే అందకపోతే సరుకు ఎక్కడిది? మొదటి డోసులయ్యాక ఆరు నెలలకి ఒక ఇంజెక్షన్. మన దేశంలోనూ దొరుకుతోంది, కాకపోతే రేటు మామూలు ఇంటికి అందేది కాదు. పీసీఎస్‌కే9ని ఆపే నోటి మాత్ర కూడా రెడీ అవుతోంది, 2025లో వచ్చిన పెద్ద ట్రయల్స్ రిజల్ట్స్ బాగున్నాయి. మాత్ర అంటే ఫ్రిజ్ గోల ఉండదు, సూది గోల ఉండదు.

రేటు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఆ మొదటి ఇంజెక్షన్లు అమెరికాలో వచ్చినప్పుడు ఏడాదికి 14 వేల డాలర్ల పైనే. అంత డబ్బున్న దేశంలోనే ఇన్సూరెన్స్ కంపెనీలు మొహం చాటేశాయి. 2018లో దాదాపు 60 శాతం తగ్గించాల్సి వచ్చింది. సైన్స్ పన్నెండేళ్లలో పరిగెత్తుకొచ్చింది, పేషెంట్ దాకా చేరడానికి మాత్రం బిల్లు అడ్డం పడింది. ఇలాంటి "వండర్ డ్రగ్" హెడ్‌లైన్ చూసినప్పుడల్లా నేను కింద రేటు కోసం వెతుకుతా, మీరూ వెతకండి.

మరి పాత మందు, అదే స్టాటిన్? రోజుకి కొన్ని రూపాయల్లో వచ్చేస్తుంది, జన్ ఔషధి షాపులో ఇంకా తక్కువ. దీని కథ కూడా బాగుంటుంది. 1970ల మొదట్లో జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన ఆరు వేలకి పైగా సూక్ష్మజీవుల్ని టెస్ట్ చేసి, క్యోటోలో ఒక ధాన్యం కొట్టు నుంచి తెచ్చిన బియ్యం మీద పెరిగిన బూజులో మొదటి స్టాటిన్‌ని పట్టుకున్నారు. ఆయన 2024లో చనిపోయారు. స్టాటిన్ ఏం చేస్తుందంటే, లివర్ సొంతంగా కొలెస్ట్రాల్ తయారుచేసుకునే ఫ్యాక్టరీని స్లో చేస్తుంది. లివర్‌కి కొలెస్ట్రాల్ కావాలి, అప్పుడు అది రక్తంలోంచి లాక్కోవడానికి ఆటోల్ని పెంచుతుంది. ట్విస్ట్ ఏంటంటే, అదే ఊపులో పీసీఎస్‌కే9 తయారీ కూడా పెరుగుతుంది. ఒక చేత్తో ఆటోలు కొని, ఇంకో చేత్తో స్క్రాప్‌కి పంపుతున్నట్టు. స్టాటిన్, పీసీఎస్‌కే9 మందు రెండూ కలిపితే ఎల్‌డీఎల్ అంతలా పడిపోయేది ఇందుకే.

"స్టాటిన్ వాడితే కండరాల నొప్పులట కదా, మా మావయ్య మానేశాడు" అంటారా? నిజంగా కొద్దిమందికి వస్తాయి. కానీ లండన్ ఇంపీరియల్ కాలేజ్ వాళ్లు 2020లో చక్కటి ప్రయోగం చేశారు. సైడ్ ఎఫెక్ట్స్ వల్ల స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికీ నెలకొకటి చొప్పున ఏడాదికి పన్నెండు డబ్బాలు. నాలుగింటిలో స్టాటిన్, నాలుగింటిలో ఉత్తుత్తి మాత్ర, నాలుగు ఖాళీ. వాళ్లు రోజూ ఫోన్‌లో ఒక యాప్ తెరిచి, ఇవాళ ఎంత బాధగా ఉందో సున్నా నుంచి వంద దాకా మార్కులేయాలి. మాత్ర వేసుకోని నెలల్లో సగటు 8. స్టాటిన్ నెలల్లో 16.3. మరి ఉత్తుత్తి మాత్ర నెలల్లో? 15.4! నొప్పి అబద్ధం కాదు, వాళ్లు నిజంగానే బాధపడ్డారు. కానీ ఆ బాధలో దాదాపు 90 శాతం మాత్ర వేసుకున్నామన్న ఆలోచన వల్లే వచ్చింది. తమ సొంత గ్రాఫ్ తామే చూసుకున్నాక వాళ్లలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. మీ మావయ్యకి ఈ కథ చెప్పండి. ఆయన డోస్ మార్చాలా, వేరే మాత్ర ఇవ్వాలా అనేది మాత్రం డాక్టరే చెప్పాలి. గర్భం ప్లాన్ చేసుకునేవాళ్లు కూడా ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, మామూలుగా ఆ టైమ్‌లో స్టాటిన్ ఆపుతారు.

ఎఫ్‌హెచ్ లేదు, కానీ ఇంట్లో చాలామందికి గుండె జబ్బులున్నాయి అంటే, తరచుగా దాని వెనక ఒక్క జీన్ ఉండదు. చిన్న చిన్న మార్పులు వందల కొద్దీ కలుస్తాయి. వాటన్నిటికీ కలిపి ఒక స్కోర్ ఇచ్చే టెస్టులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నా సలహా అడిగితే, ఆ డబ్బు ప్రస్తుతానికి దాచుకోండి. ఆ స్కోర్లలో చాలావరకు యూరప్ జనాల డేటాతో తయారయ్యాయి, మనకి అంత కచ్చితంగా పనిచేయవు. మన దేశంలో జీనోమ్ ఇండియా ప్రాజెక్ట్ పదివేల మంది జీనోమ్‌లు చదివింది, సీసీఎంబీ కూడా అందులో ఉంది. అలాంటి డేటా పెరిగే కొద్దీ మన స్కోర్లు మెరుగవుతాయి. జీన్స్ రిస్క్ ఎక్కువ ఉన్నవాళ్ల మీద 2016లో వచ్చిన ఒక పెద్ద స్టడీ గురించి వినండి, యాభై ఐదు వేల మందికి పైగా డేటా. పొగ లేకపోవడం, ఊబకాయం లేకపోవడం, వ్యాయామం, మంచి తిండి, ఈ నాలుగింట్లో కనీసం మూడు ఉన్నవాళ్లకి, ఒకటి మాత్రమే ఉన్న, లేదా ఒక్కటీ లేనివాళ్ల కంటే రిస్క్ 46 శాతం తక్కువ. ఇద్దరికీ జీన్స్ అంతే చెడ్డవి, గుర్తుంచుకోండి. "మా వంశంలోనే ఉంది బాస్" అనేవాళ్లకి ఈ నంబర్ పంపండి.

ఆ స్టడీ వెనకున్న డాక్టర్లలో ఒకరు శేఖర్ కదిరేశన్. మన భారత మూలాలున్న అమెరికన్ కార్డియాలజిస్ట్. ఆయన సొంత అన్నయ్యే నలభైలు మొదలైన కొత్తలో గుండెపోటుతో పోయారు, ఈ విషయం ఆయనే బయట చాలాసార్లు చెప్పారు. తర్వాత ఆయన వెర్వ్ అనే కంపెనీ పెట్టారు. ఐడియా ఏంటంటే, పీసీఎస్‌కే9ని ఇంజెక్షన్లతో మళ్లీ మళ్లీ ఆపడం ఎందుకు, లివర్‌లో ఆ జీన్‌నే ఒక్కసారి ఆఫ్ చేసేస్తే పోలా? ఇది క్రిస్పర్ కుటుంబంలోని బేస్ ఎడిటింగ్. డీఎన్‌ఏని తెగ్గొట్టకుండా ఒక్క అక్షరం మార్చేస్తుంది. సెలైన్‌లా ఒకే ఒక్క డోస్.

2022లో న్యూజిలాండ్‌లో మొదటి పేషెంట్‌కి ఇచ్చారు. 2023లో వచ్చిన తొలి ఫలితాల్లో ఎక్కువ డోస్ తీసుకున్న కొద్దిమందిలో ఎల్‌డీఎల్ 39 నుంచి 55 శాతం దాకా తగ్గింది. కానీ 2024లో ఒక పేషెంట్‌కి లివర్ ఎంజైములు పెరిగి, ప్లేట్‌లెట్లు పడిపోవడంతో ఆ మందుని పక్కన పెట్టాల్సి వచ్చింది. అనుమానం ఎడిటింగ్ మీద కంటే, ఆ మందుని లివర్‌కి మోసుకెళ్లే కొవ్వు బుడగ మీద పడింది. బుడగ మార్చి రెండో వెర్షన్ తెచ్చారు. 2025లో 14 మంది రిజల్ట్స్ ఇచ్చారు, ఎక్కువ డోస్‌లో సగటున 53 శాతం తగ్గింది. ఆ ఏడాదే ఎలై లిల్లీ ఆ కంపెనీని కొనడానికి ఒప్పందం చేసుకుంది.

14 మంది. ఈ నంబర్ దగ్గర కాస్త ఆగండి. స్టాటిన్ల వెనక లక్షల మంది మీద దశాబ్దాల డేటా ఉంది. ఇక్కడ వెనక్కి తిప్పుకోలేని మార్పు, చూసింది వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిని. ఎఫ్‌హెచ్ ఉండి, ఉన్న మందులతో ఎల్‌డీఎల్ దిగనివాళ్లకి ఇది పెద్ద ఆశే. ఎల్‌డీఎల్ 120 ఉన్న ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి మాత్రం ఇప్పట్లో దీంతో పనిలేదు.

చివరిగా, చాలామంది మిస్సయ్యే పాయింట్ ఒకటి. ఈ ఎడిటింగ్‌ని డిజైన్ చేసింది లివర్ కణాల కోసం. నాన్నకి ఎల్‌డీఎల్ తగ్గుతుంది కానీ ఆయన పిల్లలకి ఇచ్చే జీన్ ఎప్పటిదే. ఎఫ్‌హెచ్ ఉన్న తండ్రి రేపు ఎడిటింగ్ చేయించుకున్నా, పుట్టే ప్రతి బిడ్డకీ టాస్ మళ్లీ మొదటి నుంచే. ఆ పిల్లలకి చిన్నప్పుడే లిపిడ్ టెస్ట్ చేయించాలి, ఎఫ్‌హెచ్ ఉందని తేలితే ఎనిమిది పదేళ్ల వయసు నుంచే డాక్టర్లు మందు మొదలుపెడుతున్నారు. మీ ఇంట్లో ఒకరి ఎల్‌డీఎల్ 190 దాటితే ఆ రిపోర్ట్ ఫోటో తీసి డాక్టర్‌కి చూపించండి, అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి, పిల్లలకి కూడా టెస్ట్ రాయమని అడగండి.